ఒకటో నంబరు గణపతి

భిక్షపతి చేతిరాత చూసి మోసపోనివారు అరుదు. ఆ గుండ్రని అక్షరాలను చూసినవారు, రాసినవాడు ఏ భాషాప్రవీణుడో అయి ఉంటాడని అనుకునేవారు. ఆయన చదివినది పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో గట్టెక్కినది. ముప్పై ఏళ్ళ కిందట చండూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగినప్పుడు ఆయనకు చేతనైన విద్య ఆ రాత ఒక్కటే. మొదట రెండేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనిచేశాడు. హాజరుపట్టీలు కుట్టించుకోవడానికి అక్కడికి వచ్చిన విద్యాకుసుమ హైస్కూలు యజమాని, అట్ట మీద పేరు రాసిన తీరు చూసి, పట్టీలతో పాటు రాసినవాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాడు. నాటి నుంచి ఆ బడికి గుమాస్తా భిక్షపతే.

గుమాస్తా ఉద్యోగంలో వైభవమేమీ లేదు. అయినా ఏటా రెండుసార్లు, వేసవి సెలవుల్లోనూ దసరా సెలవుల్లోనూ, భిక్షపతి రాజభోగం అనుభవించేవాడు. కొత్త హాజరుపట్టీ తెరిచి, పాత పట్టీలోని పేర్లన్నిటినీ అందులోకి ఎక్కించే పని అది. ఎవరు బడి మానేశారు, ఎవరి ఇంటిపేరు తప్పు పడింది, ఏ కవలలను చెరొక సెక్షన్‌లో వేస్తే ఇద్దరూ ఏడుస్తున్నారు, అన్నీ ఆ నాలుగు రోజులలో ఆయన కలం కింద నుంచి నడిచిపోవలసిందే. దానికొక పద్ధతి ఉండేది. పట్టీ నాలుగు మూలలా పసుపు పూయాలి. మొదటి పుటలో మొదటి గీత మీద ‘శ్రీ గణపతి’ అని రాయాలి. పిల్లల పేర్లు రెండో గీత నుంచి మొదలు కావాలి. దేవుణ్ణి ఎవరూ లెక్కపెట్టరు కనుక, రెండో గీత మీది పిల్లవాడే ఒకటో నంబరు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఏర్పాటు వల్ల దేవుడికి గాని పిల్లలకు గాని ఏ ఇబ్బందీ కలుగలేదు.

2019లో బడికి కంప్యూటరు వచ్చింది. పేర్లు, హాజరు, మార్కులు ఇకపై అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయని, ఒక టర్మ్ ముగిసి ఇంకో టర్మ్ మొదలయ్యేటప్పుడు ఒక్క బటన్ నొక్కితే తరగతి మొత్తం కొత్త టర్మ్‌లోకి దానంతట అదే చేరుతుందని యాజమాన్యం చెప్పింది. భిక్షపతి తెర నెత్తిన కుంకుమబొట్టు పెట్టాడు. కీబోర్డు నాలుగు మూలలా పసుపు పూశాడు. ఆ పసుపు కొంత ‘ఎంటర్’ మీట సందులోకి దిగి, వారం రోజుల పాటు నొక్కినప్పుడల్లా గరగరలాడింది. మొట్టమొదట ఎక్కించవలసినది మూడో తరగతి. అలవాటు చొప్పున మొదటి వరుసలో ‘శ్రీ గణపతి’ అని కొట్టి, రెండో వరుసలోకి దిగబోయాడు.

యంత్రం దిగనివ్వలేదు. దానికి భక్తి తెలియదు గాని, ఖాళీ గడి కనిపిస్తే మాత్రం కంటగింపు. తండ్రి పేరు అడిగింది. ఈశ్వర్ అని కొట్టాడు. తల్లి పేరు అడిగింది. పార్వతమ్మ. తండ్రి వృత్తి దగ్గర ఆయన చేయి ఆగింది. అది చూపిన జాబితాలో ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం, ఇతరములు అని నాలుగే ఉన్నాయి. శ్మశానంలో కాపురముండేవాణ్ణి మొదటి మూడింటిలోనూ ఇరికించలేక ‘ఇతరములు’ ఎంచుకున్నాడు. పుట్టినతేదీ దగ్గర ఎనిమిదేళ్ళ కిందటి వినాయక చవితిని వేశాడు. కైలాసానికి పిన్‌కోడ్ దొరకనందున వనస్థలిపురంలోని తన కిరాయి ఇంటి చిరునామా, దాని కింద తన సెల్ నంబరు ఇచ్చాడు. అప్పుడు యంత్రం తృప్తిపడి గణపతికి ఒక అడ్మిషన్ నంబరు ప్రసాదించింది.

పుస్తకానికి శ్రీకారం మొదటి పుటలోనే గాని ప్రతి పుటలోనూ ఉండదు కనుక, మిగిలిన తరగతులలో ఆయన మళ్ళీ ఆ పని చేయలేదు. మూడో తరగతిలో చేసిన దానిని దిద్దుకుందామని మర్నాడు కూర్చున్నాడు. కానీ కలంతో దేవుడి పేరు మీద ఏనాడూ అడ్డగీత గీయని చేయి, మీటతో గీయడానికి ఒప్పుకోలేదు. ఉండనిమ్మన్నాడు.

ఉండనిస్తే ఊరుకునే రకం కాదు ఆ యంత్రం. టర్మ్ మారేటప్పుడు ఒక్క విద్యార్థి హాజరు గాని, ఒక్క సబ్జెక్టు మార్కు గాని ఖాళీగా ఉంటే తరగతి మొత్తాన్ని గడప దాటనివ్వదు. టీచర్లు కాగితం మీద రాసి ఇచ్చినవి ఎక్కించేవాడు భిక్షపతే కాబట్టి, గణపతి గడులు నింపే భారం కూడా ఆయన మీదే పడింది. హాజరు విషయంలో ఆయనకు సందేహం కలుగలేదు. దేవుడు లేని చోటు లేదు. కాబట్టి రోజూ వచ్చినట్లే. మార్కుల విషయంలోనే ఒక సాయంత్రమంతా మథనపడ్డాడు. ఎక్కువ వేస్తే ఏ తల్లి కన్నబిడ్డ ర్యాంకో ఒక మెట్టు దిగుతుంది. తప్పిస్తే మహాపాపం. అందుచేత అన్ని సబ్జెక్టులలోనూ ముప్పై అయిదు వేశాడు.

అలా గణపతి నాలుగో తరగతికి వచ్చాడు. కరోనా ఏడాది పిల్లలందరూ ఇళ్ళలో ఉండి పాసయ్యారు. అందరితో సమానంగా చదివానని గణపతి చెప్పుకోదగిన సంవత్సరం అదొక్కటే. తరువాత అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ప్రతి ఉదయం పది గంటలకు ‘మీ అబ్బాయి గణపతి నేడు బడికి హాజరయ్యాడు’ అని భిక్షపతి సెల్‌కు సందేశం వచ్చేది. ఆయన భార్య సుమిత్రమ్మ, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి తీరికగా ఉన్న మనిషి, ఆదివారం నాడు సందేశం రాకపోతే ఊరుకునేది కాదు.

“ఏందయ్యా, మన చిన్నోడు ఇయ్యాల బడికి పోలేదా?”

“ఇయ్యాల ఐతారం.”

“గందుకేనా. నేను జరమొచ్చిందేమో అనుకున్న.”

ఈ ఏడాది గణపతి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు.

దసరా సెలవులు ముగియడానికి ఇంకా అయిదు రోజులు ఉన్నాయనగా ఒక మధ్యాహ్నం గీత అనే ఆవిడ బడి ఆఫీసులోకి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచీ; బస్సు కండక్టరు. వెంట పద్నాలుగేళ్ళ కూతురు జ్యోతిక.

“సార్, నాకు దేవరకొండ నుంచి ఈడికి ట్రాన్స్‌ఫర్ అయింది. పిల్ల తొమ్మిది చదువుతున్నది. అక్కడి బడిల పేరు తీపిచ్చుకొని టీసీ, మార్కుల కాయితం తెచ్చిన. ఈడ పది బళ్ళు తిరిగిన సార్. సంవత్సరం నడుమల ఎవ్వలు తీసుకుంటలేరు.”

“నీకు డ్యూటీ ఏ యాళ్ళకు?”

“తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కుత. మా గది మీ బడి ఎన్కనే. పిల్ల నడిసి రావొచ్చు. గీడ కూడ లేదంటే మల్ల మా అమ్మగారూరికి పంపుడే. ఇంట్ల ఉండేది మేమిద్దరమే సార్. అది ఆడ, నేను ఈడ ఎట్లుంటం?”

తొమ్మిదో తరగతికి సెక్షన్ ఒకటే. గదిలో బల్లలు నలభై మందికే సరిపోతాయి కనుక నలభై దాటరాదన్నది యాజమాన్యం విధించిన నియమం. ఆ తరగతి పిల్లలు ఎందరో భిక్షపతి చూడకుండానే చెప్పగలడు. ముప్పై తొమ్మిది మంది.

“ఒక్క సీటుంది బిడ్డా. నీ పిల్లకే. సోమవారం బడి తెరుస్తరు, పంపు.”

“కిటికీ పక్కన దొరుకుతదా సార్?” అంది జ్యోతిక.

“సూసినవా సార్, గింతసేపు సీటే లేకుండె, గిప్పుడు దీనికి కిటికీ గావాల్నట,” అని గీత కూతురి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు వెళ్ళిన తరువాత భిక్షపతి జ్యోతిక వివరాలన్నీ ఎక్కించి చివరి మీట నొక్కాడు. తెర మీద ఎర్రని అక్షరాలు వచ్చాయి: సెక్షన్ నిండినది, నలభైకి నలభై.

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పేర్లు చదువుతూ మళ్ళీ లెక్కపెట్టాడు. పిల్లలు ముప్పై తొమ్మిది మందే. జాబితా నెత్తిన, ఒకటో నంబరు గడిలో, ఏడేళ్ళుగా కదలకుండా కూర్చున్నవాడు నలభయ్యో వాడు. సోమవారం ఉదయం తరగతులన్నీ రెండో టర్మ్‌లోకి మారిపోతాయి. మారాక మళ్ళీ జూన్ వరకు యంత్రం కొత్త పేరేదీ తీసుకోదు. ఆ పిల్లకు అక్కడ పేరు కొట్టేశారు, ఇక్కడ పేరు ఎక్కలేదు. మధ్యలో తాను ఇచ్చిన మాట ఒక్కటే ఉంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాడు. అక్కడ ఇలాంటి ఫోన్లకు జవాబు చెప్పే అమ్మాయి తన్మయి ఎత్తింది.

“అమ్మా, ఒక పిల్లగాని పేరు తీసెయ్యాలె. తొమ్మిదో తరగతి, ఒకటో నంబరు.”

అటువైపు మీటలు టకటకలాడాయి. “శ్రీ గణపతి. ఈ అబ్బాయికి ఏడేళ్ళ రికార్డు ఉందండీ. అలా డిలీట్ అవ్వదు.”

“గాయన అసలు లేడమ్మా.”

“లేడంటే?”

“అంటే, ఉన్నడు. అంతటా ఉన్నడు. బడిలనే లేడు.”

తన్మయి మళ్ళీ మీటలు నొక్కి చూసింది. “సార్, రోజూ ప్రెజెంట్ ఉందండీ. ఏడేళ్ళలో ఒక్క ఆబ్సెంట్ లేదు. ఇలాంటి స్టూడెంట్‌ని నేనింతవరకూ చూళ్ళేదు.”

“నేను కూడ సూడలేదమ్మా.”

“పోనీ టీసీ ఇచ్చేయండి. మీ ప్రిన్సిపల్ గారి ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది. ఆవిడ ఒప్పుకుని ఆ కోడ్ చెబితే సీటు ఖాళీ అయిపోతుంది.”

“ఆమె ఒప్పుకోకుంటే?”

“ఒప్పుకోకపోతే వచ్చే ఏడు టెన్త్ రాస్తాడండీ,” అంది తన్మయి.

ప్రధానోపాధ్యాయిని సీతామహాలక్ష్మి గుంటూరు వైపు మనిషి. ఈ బడికి వచ్చి రెండేళ్ళయింది. ముప్పై ఏళ్ళు తెలుగు బోధించిన ఆమె సెలవుచీటీలో కూడా కామా తప్పితే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతుంది. ఆమె ముందుకు కాగితాలు తీసుకుపోవడంలో భిక్షపతికి ఒక నేర్పు ఉంది. ఆ రోజు టీసీని సుద్దముక్కల కొనుగోలు పత్రానికీ, తాగునీటి ట్యాంకు శుభ్రం చేసే పత్రానికీ మధ్యలో పెట్టి తీసుకుపోయాడు. ఆమె సుద్దముక్కల పత్రం చదివి సంతకం చేసింది. తరువాతి కాగితం చదివి కలం కింద పెట్టింది.

“భిక్షపతి గారూ, ఈ గణపతి ఎందుకు మానేస్తున్నాడు?”

“ఊరు మారుతున్నరంట మేడమ్.”

“ఏ ఊరికి?”

“ఉత్తరాది దిక్కు.”

“ఉత్తరాదిలో ఎక్కడికి?”

“బాగ పైకి మేడమ్. మంచు పడుతదంట.”

ఆమె తన కంప్యూటరు తెర మీద గణపతి రికార్డు తెరిచింది. కళ్ళజోడు సర్దుకుని కింది దాకా చదివింది.

“ఏడేళ్ళలో ఒక్కరోజు మానలేదు. అన్నిటిలోనూ ముప్పై అయిదు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. రోజూ బడికి వచ్చే పిల్లవాడికి ఇంతకంటే రాలేదంటే తప్పు వాడిది కాదండీ, మనది. వాణ్ణి చూడకుండా, ఇక్కడ వాడికేం ఇబ్బంది కలిగిందో అడగకుండా నేను సంతకం పెట్టను. శనివారం తండ్రిని వెంటబెట్టుకుని రమ్మనండి.”

“తండ్రి ఈడ ఉండడు మేడమ్.”

“తల్లిని రమ్మనండి.”

“ఆమె కూడ ఆయన తాననే ఉంటది.”

“మరి పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటున్నాడు?”

చిరునామా గడిలో ఉన్నది తన ఇల్లేనన్న సంగతి గుర్తుకు వచ్చి భిక్షపతి బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. అంతలో సాంఘికశాస్త్రం చెప్పే రామారావు మాస్టారు సెలవుల్లో దిద్దిన జవాబుపత్రాల కట్టతో లోపలికి వచ్చాడు. బడిలోని ప్రతి పిల్లవాణ్ణీ పేరుపేరునా ఎరుగుదునన్నది ఆయన గర్వకారణం.

“రామారావు గారూ, తొమ్మిదో తరగతి గణపతి మీకు తెలుసా?” అని ఆమె అడిగింది.

“భలేవారండీ. గణపతి తెలియకపోవడమేమిటి?” అన్నాడు రామారావు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. “కాస్త బొద్దుగా ఉంటాడు. చివరి బెంచీ. నెమ్మదస్తుడండీ, ఉలకడు పలకడు. తిండి మీద మాత్రం ధ్యాస ఎక్కువ.”

భిక్షపతి ఆయన వైపు నోరు తెరిచి చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారి, ఆ పిల్లవాడు నిజంగానే వస్తున్నాడేమోనన్న అనుమానం ఆయనకు కలిగింది.

“చూశారా,” అంది సీతామహాలక్ష్మి. “శనివారం. పది గంటలకు.”

ఆ సాయంత్రం ఇంట్లో సుమిత్రమ్మ చాయ్ గ్లాసు చేతికిచ్చి సంగతంతా విన్నది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

“తండ్రిని తీస్కరమ్మన్నదా? ఫోన్ నంబరు ఎవనిదుంటే వాడే తండ్రి. తెల్లంగి తొడుక్కొని నువ్వే పో.”

“పోయిననుకో. పిల్లగాణ్ణి ఎక్కడికెళ్ళి తేవాలె?”

“పక్కింటి అంతయ్య మనుమడు లేడా? బొద్దుగనే ఉంటడు. రెండు లడ్డూలిస్తె ఏడికంటె ఆడికొస్తడు.”

పరిహాసానికి అన్న మాటే గాని భిక్షపతి దాన్ని గురించి ఆలోచించాడు. అంతయ్య మనవడు చదివేది ఆరో తరగతి అయినా ఒళ్ళు తొమ్మిదో తరగతిదే. పేరు అడిగితే గణపతి అని చెప్పమంటే చెబుతాడు. పక్క మాట అడిగితేనే ప్రమాదం. మేడమ్ పక్క మాట అడగక మానదు. గ్లాసులోని చాయ్ మీద తెట్టు కట్టింది. అప్పుడే సెల్ మోగింది. గీత.

“సార్, యూనిఫాం ఏ రంగు? దిల్‌సుఖ్‌నగర్ల బట్టలషాపుల ఉన్న. రేపు ఇస్తెనే టైలర్ సోమవారం లోపల కుడుతనన్నడు.”

భిక్షపతి నుదురు తడుముకున్నాడు. వెనుక నుంచి ముదురు నీలమా, లేత నీలమా అని పిల్ల అడగడం వినిపిస్తోంది.

“ముదురు నీలం,” అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

సుమిత్రమ్మ నవ్వు ఆగిపోయింది. “ఒక్క అబద్ధాన్ని ఏడేండ్లు సాదినవు. ఇంకోటి సాదే ఓపిక నీకున్నదా? పోయి ఉన్నదున్నట్టు చెప్పు.”

“హాజరు దొంగలెక్కలు రాసిండని కొలువు పీకితే?”

“పీకితే పీకిండ్రు. గా పిల్లకు బట్ట కుట్టిచ్చినంక సీటు లేదని చెప్పే మొకమున్నదా నీకు?”

శనివారం పది గంటలకు భిక్షపతి ఒంటరిగా సీతామహాలక్ష్మి గదిలోకి వెళ్ళాడు. చంకలో పాత హాజరుపట్టీ ఉంది.

“ఏరి?” అంది ఆమె.

“ఆయన రాలేడు మేడమ్.” పట్టీని బల్ల మీద పెట్టి, మొదటి పుట తెరిచి, మొదటి గీత మీద వేలు పెట్టాడు. “గీయనే.”

తరువాత అంతా చెప్పాడు. పసుపు, కుంకుమ, తండ్రి వృత్తి, ముప్పై అయిదు మార్కులు, పొద్దున పదింటికి వచ్చే సందేశాలు. గీత సంగతి, నీలం బట్ట సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె పట్టీ పుటలు ఒక్కొక్కటే తిప్పుతూ ఉంది. మూలల్లోని పసుపు గోధుమరంగుకు తిరిగింది. అక్షరాలు మాత్రం నిన్న రాసినట్లున్నాయి. చివరి పుట మూసి ఆమె తలెత్తింది. ముఖం ఎర్రబడింది.

“తెలుగులో ముప్పై అయిదు వేసింది ఎవరు?”

“నేనే మేడమ్.”

“చెప్పేవాడు ఆగకుండా చెబుతుంటే, దంతం విరిచి గంటంగా పట్టుకుని, ఒక్క తప్పు లేకుండా రాసినవాడికి, మీరు తెలుగులో ముప్పై అయిదు వేశారు.”

“ఎక్కువేస్తె పిల్లల ర్యాంకు పోతదని మేడమ్.”

“లెక్కలలో వేసుకోండి. సామాన్యశాస్త్రంలో వేసుకోండి. నాకు అభ్యంతరం లేదు.” ఆమె గొంతు తగ్గించింది. “నవ్వుతో పోయే తప్పు కాదండీ ఇది. హాజరు అంటే ఏమిటి? పిల్లవాడు మన కళ్ళ ముందు ఉన్నాడని మనం పెట్టే సంతకం. సంజాయిషీ రాసి ఇవ్వాలి. మీ చేత్తో, తెలుగులో. నాలుగు పుటలకు తగ్గకూడదు. దాన్ని యాజమాన్యానికి నేను స్వయంగా ఇస్తాను. వాళ్ళేమన్నా పక్కన నేనుంటాను.”

“సరే మేడమ్.”

“ఆ కండక్టరు గారి అమ్మాయి పేరు ఇప్పుడు ఏ బడిలో ఉంది?”

“యాడ లేదు మేడమ్. ఆడ తీసేసిండ్రు. ఈడ ఎక్కలేదు.”

సీతామహాలక్ష్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“పదండి.”

“ఏడికి మేడమ్?”

“చూడకుండా సంతకం పెట్టనన్నాను కదా.”

బడి ఉన్న సందు మెయిన్ రోడ్డులో కలిసే చోట, జిరాక్సు దుకాణం పక్కన, ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు లేనంత చిన్న వినాయకుడి గుడి ఉంది. సీతామహాలక్ష్మి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. భిక్షపతి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె చేతులు జోడించలేదు. పిల్లలను తన గదికి పిలిపించినప్పుడు ఎలా చూస్తుందో అలాగే, కళ్ళలోకి చూసింది.

“రామారావు గారు చెప్పింది నిజమే,” అంది. “బొద్దుగానే ఉన్నాడు.”

భిక్షపతి నవ్వవచ్చునో లేదో తెలియక రోడ్డు వైపు తిరిగాడు.

“ఏం నాయనా, మా బడిలో నీకు లోటేమైనా జరిగిందా?” అని ఆమె అడిగింది. జవాబు కోసం, బెరుకు పిల్లవాడికి ఎంత వ్యవధి ఇస్తుందో అంత వ్యవధీ ఇచ్చింది. ఈలోగా జిరాక్సు దుకాణం ముందు ఒక ఆటో ఆగింది, కదిలింది. అప్పుడు ఆమె చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఇవతలికి వచ్చింది. “లోటేమీ లేదంటున్నాడు. తెలుగు మార్కుల సంగతి మాత్రం మనసులో ఉంచుకున్నట్లుంది. పోదాం పదండి.”

ఆఫీసుకు తిరిగి వచ్చి ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. యంత్రం మళ్ళీ ప్రశ్నలు మొదలుపెట్టింది. విద్యార్థి ప్రవర్తన?

“ఉత్తమం,” అంది ఆమె.

బడి విడిచిపోవడానికి కారణం? తండ్రి బదిలీ, ఊరు మార్పు, అనారోగ్యం, ఇతరములు అని జాబితా చూపింది.

“నిమజ్జనం అని కొట్టనీకి ఉంటె బాగుండు మేడమ్,” అన్నాడు భిక్షపతి.

“దానిలో లేనిది ఎలా కొడతారు? ఊరు మార్పు అనండి. అబద్ధం కాదు. మొన్ననే కదా లారీ ఎక్కించి, డప్పులు కొట్టి పంపించారు ఊరంతా కలిసి.”

ఊరు మార్పు అన్నాడు. సీతామహాలక్ష్మి ఫోన్‌కు కోడ్ వచ్చింది. ఆమె ఒక్కొక్క అంకెనూ విడివిడిగా, ఉక్తలేఖనం చెప్పినట్లు చెప్పింది. ఆయన కొట్టాడు. తెర ఒకసారి మిణుకుమని, తొమ్మిదో తరగతి జాబితా ముప్పై తొమ్మిదికి దిగింది. భిక్షపతి చేతులు మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడేళ్ళు దినం తప్పకుండా హాజరు వేసిన చేతులు అవి.

జ్యోతిక వివరాలు, దేవరకొండ బడి ఇచ్చిన మొదటి టర్మ్ హాజరు, మార్కులతో సహా మళ్ళీ ఎక్కించాడు. తల్లి వృత్తి దగ్గర జాబితా చూడకుండానే ‘ఉద్యోగం’ మీద నొక్కాడు. ఈసారి ఎర్రని అక్షరాలు రాలేదు.

“సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే ఎక్కించేయండి,” అంది సీతామహాలక్ష్మి.

భిక్షపతి తొమ్మిదో తరగతిని ఎంచుకుని, రెండో టర్మ్‌లోకి చేర్చే బటన్ నొక్కాడు. ఒక ఆకుపచ్చ గీత తెర అడుగున మెల్లగా ఎడమ నుంచి కుడికి పాకింది. మధ్యలో ఒకచోట ఆగింది. మళ్ళీ కదిలి చివరికి చేరింది. నలభై మంది విద్యార్థులు రెండో టర్మ్‌లోకి చేరారని చెప్పి, వారి వారి తల్లిదండ్రులకు సందేశాలు పంపడం మొదలుపెట్టింది.

అయిదు నిమిషాలలో భిక్షపతి సెల్ మోగింది. అవతల బస్సు ఇంజను రొద, జనం మాటలు.

“సార్, నేను గీతను. ఆఫ్ డ్యూటీ బస్సుల ఎల్బీ నగర్ ఒస్తున్న. ఏదో మెసేజ్ ఒచ్చింది. జ్యోతిక, తొమ్మిదో తరగతి, రెండో టర్మ్ అని ఉంది. ఇదేనా సార్ సీటంటే?”

“గదే బిడ్డా. ఇగ అయిపోయింది. ఎవ్వలు తీసెయ్యలేరు.”

గీత ఇంజను రొద మీంచి గొంతు పెంచింది.

“సోమవారం ఎన్ని గంటలకు పంపాలె సార్?”

“ఎనిమిదిముప్పావుకు పంపు. తరగతికి పోయే ముంగట మా మేడమ్ పిల్లను సూడాల్నట.”

“ఎందుకు సార్, పరీక్ష పెడతదా?”

భిక్షపతి పక్క కుర్చీ వైపు చూశాడు. సీతామహాలక్ష్మి వినబడనట్లు పాత పట్టీలోని అక్షరాలు చూసుకుంటూ ఉంది.

“పరీక్ష కాదు బిడ్డా. పిల్ల నిజంగ ఉన్నదో లేదో సూస్తదట.”

“ఉన్నది సార్,” అంది గీత, ఏమీ అర్థం కాకపోయినా. “గీడనే నా పక్కన కూసొని పల్లీలు తింటున్నది.”